గాయపడిన ఆటగాడు – కళాశాల యెంపిక

పదవ తరగతి పరీక్షలు ముగియగానే ఏ కళాశాలలో చేరవలెనను ప్రశ్న ప్రతి గృహమునను పుట్టును. ఈ యేడు ఆ ప్రశ్న మాకు క్రొత్త రూపమున నెదురైనది. మా చెడుగుడు జట్టులో మేటియైన యొక బాలుడు కూతకు వెళ్లి మఱలునపుడు మోకాలు మెలితిరిగి పడిపోయెను. లోపలి లిగమెంటు తెగినదని వైద్యులు తేల్చి, జనవరి నెలలో శస్త్రచికిత్స చేసిరి. దామలచెరువు మండీలో మామిడికాయల గంపలు మోసి జీవించు అతని తండ్రి మా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, వీని ఆట చూచి ఫీజు లేకుండ సీటిస్తామని ఒక కాలేజీవారు చెప్పినారు. కాలి సంగతి వారికి చెప్పవలెనా, దాచవలెనా?” అని యడిగెను.

దాచరాదని మా యభిప్రాయము. ఇట్టి శస్త్రచికిత్స పిమ్మట పోటీలకు దిగుటకు కనీసము తొమ్మిది నెలలు పట్టునని వైద్యులు చెప్పుదురు. ఆ గడువు గడచినను, కాలి బలమును పరీక్షించి చూచిన పిదపనే అనుమతింతురు. తొందరపడినవారికి లిగమెంటు మరల తెగు ప్రమాదము హెచ్చు; చిన్న వయసువారికి మఱింత హెచ్చు. జనవరి నుండి లెక్కింప అక్టోబరు వచ్చును. గాయము దాచిన బాలుని కళాశాల తెఱచిన కొలది దినములకే మైదానమునకు పిలుతురు, అప్పుడతడు కాదనలేడు. నిజము చెప్పినచో సీటు పోవచ్చును. కూలిచేయు తండ్రికి అది చిన్న నష్టమని మేమనము. కాని మోకాలు రెండవమాఱు చెడినచో ఆటయు పోవును, సీటును పోవును.

పుల్లెల గోపీచంద్ గారి యుదాహరణమును మన తలిదండ్రులు తఱుచు చెప్పుదురు. 1994లో వారి మోకాలి లిగమెంటు తెగెను. అయినను 1996లో వారు జాతీయ బాడ్మింటన్ విజేతలై, 2001లో ఆల్ ఇంగ్లండు పోటీలో చెన్ హాంగును ఓడించి గెలుపొందిరి. ఇది నిజమే. కాని వారు హైదరాబాదు ఏ.వి. కళాశాలలో పట్టభద్రులైరని చెప్పువారు తక్కువ. సంపన్నులు కానివారు బిడ్డలను క్రీడలనే నమ్మి పంపుట క్షేమము కాదని 2025లో హెచ్చరించినవారును ఆయనయే. మఱల లేచుట సాధ్యమే. అందఱికిని అది నిశ్చయము కాదు.

కొందఱు పెద్దలు ఇక ఆట మాన్పింపుడనుచున్నారు. ఈ మాటకును మేమొప్పుకొనము. ఇంటర్మీడియెటు రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు, వెరసి యైదేండ్లు. అందొక యేడు పోయినను నాలుగేండ్లు మిగిలియున్నవి. పాఠశాలల క్రీడాసమాఖ్య పోటీలలో పందొమ్మిదేండ్ల లోపువారికి వేఱు విభాగము కలదు. పిమ్మట విశ్వవిద్యాలయముల నడుమ పోటీలు కలవు. అంతదాక బాలుడు జట్టుతో కూర్చుండి లెక్క వ్రాయవచ్చును, చిన్నవారికి ఆట నేర్పవచ్చును.

కావున తలిదండ్రులారా, కళాశాల యెంచునపుడు నాలుగు సంగతులు విచారింపుడు. ఆడలేకపోయినను సీటును ఫీజు రాయితీయు నిలుచునా? నిలుచునన్నచో కాగితముపై వ్రాసి యిత్తురా? మైదానమునకు పంపు నిర్ణయము వైద్యునిదా, శిక్షకునిదా? చికిత్సకు పోయిన దినముల పాఠములు మరల చెప్పుదురా? ఆట లేకున్నను మీ బిడ్డ ఆ చదువు ఇష్టముతో చదువునా? బాలికల విషయమునను ఇవే ప్రశ్నలు.

ఆటతో సంబంధము వదలుకొనక బ్రతుకు మార్గములును కలవు. జీవశాస్త్రము చదివినవారు ఫిజియోథెరపీ నభ్యసింపవచ్చును. తిరుపతిలోని స్విమ్స్‌లోనే ఆ చదువు కలదు. డిగ్రీ పిమ్మట వ్యాయామోపాధ్యాయ శిక్షణ కలదు. శిక్షకులు కాగోరువారికి 1961లో స్థాపితమైన పటియాలా జాతీయ క్రీడాసంస్థ కలదు.

ఆ తండ్రి మా మాట విని కళాశాలవారికి నిజము చెప్పెను. సీటిత్తుము గాని ఈ యేడు ఫీజు తగ్గింపలేమని వారనిరి. ఇప్పుడాయన అప్పు చేసి అక్కడ చేర్చుటయా, ఊరికి దగ్గఱనున్న ప్రభుత్వ జూనియరు కళాశాలలో చేర్చుటయా యని యోచించుచున్నాడు. రెండవదే మేలని మేము చెప్పితిమి. ఇల్లు దగ్గఱనుండును, అప్పుండదు, కాలు మానుటకు వ్యవధి దొరకును. కాలు కుదుటపడిన నాడు ఆ బాలుడు ఏ మైదానమున కూత పెట్టినను, చూచుటకు మేము తప్పక పోవుదుము.