చిన్న ఛాయాపటమును పెద్దది చేయించుట

రెండు మాసముల క్రిందట ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి తల్లిగారికి మిగిలిన ఛాయాపట మొక్కటే. వెడల్పు రెండంగుళములు, పొడవు రెండున్నర. దానిని సెల్‌ఫోనుతో తీసి వాట్సాపులో తమ్మునికి పంపగా, ఆతడు ఒక దుకాణమున పెద్దదిగా అచ్చు వేయించి పటము కట్టించి తెచ్చెను. చూచినవారెల్లరును బాగున్నదనిరి. ఆమెకు మాత్రము దుఃఖ మాగలేదట. ఎడమ చెక్కిలిపై పుట్టుమచ్చ లేదు, కనుబొమలు వేరు. "ఇది మా యమ్మ మొగము కాదు" అని వ్రాసిరి.

ఇట్లేల జరిగెను? కంప్యూటరులోని చిత్రము ముగ్గువలె చుక్కలతో కూర్చినది. ఆ చుక్కలకు పిక్సెళ్లని పేరు. చిత్రమును సాగదీసినపుడు చుక్కలు చాలవు. నడుమ క్రొత్తవి పెట్టవలసివచ్చును. ఫోటోషాపులో బైక్యూబిక్ అను పద్ధతి ఇరుగుపొరుగు చుక్కల రంగులను లెక్కగట్టి నడిమి చుక్కకు రంగు నిచ్చును. చిత్రము కొంత మసకబారును గాని మనిషి మారదు. ముఖములను బాగుచేయు కృత్రిమ మేధ సాధనము లట్లు గావు. అవి ఇతరుల ముఖముల ననేకము చూచి నేర్చినవి. కన్ను ఇట్లుండవచ్చునని యూహించి వ్రాయును. పుట్టుమచ్చను మరక యనుకొని తుడిచివేయుటయు గలదు. చీర యంచునకు, చెట్టు కొమ్మకు ఆ యూహ చెల్లును. తల్లి మొగమునకు చెల్లునా?

మేము వారికి వ్రాసినదిది. ఫోనులోని ప్రతిని విడిచి మూలపటమునే స్కానరుపై నుంచి అంగుళమునకు 1200 చుక్కల వంతున స్కాను చేయింపుడు. అప్పుడు 2400, 3000 చుక్కలు వచ్చును. ఎనిమిదంగుళముల వెడల్పు, పది యంగుళముల పొడవు గల అచ్చునకు అంగుళమునకు 300 చొప్పున సరిగా అన్నియే కావలెను. గోడమీద దూరమునుండి చూచుదానికి 150 యైనను చాలును. పాత కాగితములో లేని వివరమును స్కానరు తేజాలదు. అంతవరకు మసక నోర్చుకొనవలసినదే. ఆ చిత్రమును టిఫ్‌గా దాచి, వాట్సాపులో పంపవలసివచ్చిన డాక్యుమెంటుగా పంపుడు. మామూలు ఫోటోగా పంపిన కుదించివేయును. ముఖమును చక్కదిద్దు మీటల నేమియు నొక్కవలదని దుకాణదారునకు ముందే చెప్పుడు. తరువాత చెప్పిన లాభము లేదు. వారు అందము చేసియే యిచ్చెదరు!

మొన్న మరల జాబు వచ్చినది. పటము కొంచెము మసకగనే యున్నదట. మచ్చ యున్నదట.