కంపెనీ బ్యాడ్జికి సెల్ డిస్కౌంటు.. లాభమెవరికి?

అమెరికాలో కొత్త ఉద్యోగంలో చేరగానే హెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చే కాగితాల కట్టలో ఆరోగ్య బీమా, రిటైర్మెంటు ఖాతా వివరాలతోపాటు చాలాచోట్ల ఇంకో ముక్క కూడా ఉంటుంది. మా ఉద్యోగి అయితే సెల్‌ఫోన్ బిల్లులో ఇంత తగ్గింపు అని. వచ్చేదాన్ని ఎవరు కాదంటారు? మనవాళ్లు వెంటనే కంపెనీ ఈమెయిలుతో నమోదు చేసుకుంటారు. అయితే ఆ తగ్గింపు వెనకున్న లెక్క తెలుసుకుంటేనే అది లాభమో, కట్టుకొయ్యో తేలేది.

ఎందుకిస్తారు?

సెల్ కంపెనీకి కొత్త ఖాతాదారుణ్ని తెచ్చుకోవడం ఖరీదైన పని. ప్రకటనలు ఇవ్వాలి, షాపులు నడపాలి, ఫోన్లపై రాయితీలు గుప్పించాలి. ఉన్నవాణ్ని నిలబెట్టుకోవడం అంతకన్నా చాలా చవక. నెలనెలా జీతం అందుకునే ఉద్యోగి బిల్లు ఎగ్గొట్టడని కూడా వాళ్లకో ధీమా. ఒక పెద్ద సంస్థతో ఒప్పందం కుదిరితే వేలమంది ఒకేసారి గడప తొక్కుతారు. ఇందులో యజమానికి పోయేదేమీ లేదు, ఉద్యోగులకు మేలు చేశామన్న పేరు మిగులుతుంది. పెద్ద కంపెనీలను వదిలిపోయే పోస్ట్‌పెయిడ్ ఖాతాదారులు నెలకు నూటికి ఒకరి దరిదాపుల్లోనే ఉంటున్నారంటే ఇలాంటి ఎత్తులు ఎంత బాగా పారుతున్నాయో అర్థం చేసుకోవచ్చు.

శాతం దేని మీద?

అసలు కిటుకు ఇక్కడుంది. తగ్గింపు సాధారణంగా ప్లాను ధరకే. పన్నులు, ఫోను వాయిదాలు, బీమా దాని కిందికి రావు. కొన్ని ప్లాన్లలో మొదటి లైనుకే వర్తిస్తుంది, చవక ప్లాన్లకు అసలు వర్తించకపోవచ్చు. ఉదాహరణకు నాలుగు లైన్ల బిల్లు 160 డాలర్లు అనుకుందాం. అన్నిటికీ పది శాతం తగ్గినా 144 కట్టాలి. అదే టవర్ల మీద నడిచే ప్రీపెయిడ్ ప్లాన్లు లైనుకు 25 - 30 డాలర్లకు దొరుకుతున్నాయి. అంటే నలుగురికీ కలిపి 100 - 120. ‘డిస్కౌంటు’ అన్న మాట చూసి ఖరీదైన ప్లాను ఎక్కితే మిగిలేదేముంది?

కన్సల్టెన్సీ వాళ్ల సంగతి

మనవాళ్లలో చాలామంది పనిచేసేది ఒకచోట, జీతం వచ్చేది ఇంకోచోట. పేరున్న బ్యాంకులో ప్రాజెక్టు చేస్తున్నా పేస్టబ్ మీద ఉండేది చిన్న కన్సల్టెన్సీ పేరే. తగ్గింపు యజమానిని బట్టి గానీ క్లయింటును బట్టి కాదు. క్లయింటు ఇచ్చిన ఈమెయిలుతో నమోదైనా, సెల్ కంపెనీ మళ్లీ రుజువు అడిగినప్పుడు చిక్కే. ప్రాజెక్టు అయిపోతే ఆ ఈమెయిలూ పోతుంది, తగ్గింపూ పోతుంది.

తాడు మారింది, కట్టు అదే

ఒకప్పుడు రెండేళ్ల కాంట్రాక్టులుండేవి. మధ్యలో వదిలితే జరిమానా. 2009 నవంబరులో వెరిజాన్ స్మార్ట్‌ఫోన్లకు దాన్ని 350 డాలర్లకు పెంచింది. 2003 నవంబరు నుంచి నంబరు మార్చుకోకుండానే కంపెనీ మారే హక్కు వచ్చినా, జరిమానా భయంతో కదలనివాళ్లే ఎక్కువ. 2013లో టీ-మొబైల్ కాంట్రాక్టులు ఎత్తేసింది, మిగతావాళ్లూ క్రమంగా అదే దారి పట్టారు.

మరి స్వేచ్ఛ వచ్చిందా? ఇప్పుడు ‘ఉచిత’ ఫోను ధరను 24 లేదా 36 నెలలు బిల్లులో కొంచెం కొంచెంగా వెనక్కిస్తారు. 800 డాలర్ల ఫోను 36 నెలలకైతే నెలకు సుమారు 22 డాలర్లు. 15 నెలలకే వదిలేస్తే మిగిలిన 21 నెలల సొమ్ము, దాదాపు 467 డాలర్లు, మన జేబులోంచే. జరిమానా అన్న పేరొక్కటే లేదు.

పోనీ డిస్కౌంటైనా శాశ్వతమా అంటే అదీ కాదు. 2014లో టీ-మొబైల్ ఉద్యోగుల తగ్గింపులు రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. ఖాతాదారులు గగ్గోలు పెట్టాక అప్పటి అధిపతి జాన్ లెజియర్ వెనక్కి తగ్గి, అప్పటికే ఉన్నవారికి కొనసాగిస్తామన్నాడు. కొత్తవారికి మాత్రం లేకుండా పోయింది. ఇచ్చిన చెయ్యే తీసుకోగలదు.

ఉద్యోగం పోతే..

హెచ్-1బీ మీదున్నవారికి ఇదే అసలు గండం. ఉద్యోగం పోతే సాధారణంగా గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ హడావుడిలో దేశం వదలాల్సి వస్తే ఫోను బాకీ మొత్తం ఒకేసారి కట్టాలి. బాకీ తీరనిదే ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ వంటివి ఫోను అన్‌లాక్ చేయవు. ఇండియాకు తెచ్చుకున్నా మన సిమ్ము పనిచేయదు.

ఇంకో అలవాటూ ఉంది. ఖర్చు కలిసొస్తుందని నలుగురైదుగురు స్నేహితులు ఒకే ఫ్యామిలీ ప్లానులో చేరతారు. తగ్గింపు ఒకరి ఉద్యోగం మీద, అప్పు కూడా ఆ ఒకరి పేరు మీదే. ఆయన ఉద్యోగం మారితే అందరి బిల్లూ పెరుగుతుంది. మిగతావాళ్లలో ఎవరైనా చెప్పకుండా వెళ్లిపోతే దెబ్బ తినేది ఆయన క్రెడిట్ స్కోరే.

ఏం చేయాలి?

ఇప్పటికే ఖరీదైన ప్లాను తప్పనిసరిగా వాడుతున్నవారు కంపెనీ తగ్గింపు అడిగి తీసుకోవాల్సిందే, అది వదులుకోవడం తెలివితక్కువ. కానీ తగ్గింపు కోసమే ప్లాను ఎంచుకోవద్దు. చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని లైన్లకు వర్తిస్తుంది? ఎప్పుడెప్పుడు రుజువు చూపాలి? రేపే మానేస్తే ఎంత కట్టాలి? మూడో జవాబు కాగితం మీద రాయించుకోండి. వీసా నిలకడ లేనివారికి, ఫోను సొంత డబ్బుతో అన్‌లాక్డ్‌గా కొనుక్కుని ప్రీపెయిడ్ వాడుకోవడమే క్షేమం. ప్రాజెక్టు మారినా, ఊరు మారినా, చివరికి దేశం మారినా ఆ ఫోను మనతోనే వస్తుంది.