పాత కంప్యూటర్ల భద్రత ఎవరి బాధ్యత?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే పాట: ‘పాత కంప్యూటర్లకు అయిదు తేలికపాటి యాంటీవైరస్‌లు’. ఈ జాబితాలకు ఆధారం ఏవీ-కంపారెటివ్స్ వంటి సంస్థలు చేసే వేగ పరీక్షలు. అక్కడ ‘తక్కువ స్థాయి’ యంత్రమని చెప్పిన దాంట్లో కూడా ఎస్సెస్డీ ఉంటుంది. దోమకొండ లాంటి మండల కేంద్రంలో మీసేవ బల్ల మీదో, డీటీపీ షాపులోనో పదేళ్లుగా నడుస్తున్న యంత్రంలో సాధారణంగా ఉండేది తిరిగే హార్డ్ డిస్కే. మనం తెరిచే ప్రతి ఫైలునూ యాంటీవైరస్ ఆపి చూస్తుంది. ఆ డిస్కు సెకనుకు వందో, నూట యాభయ్యో చిన్న ఫైళ్లకు మించి అందించలేదు. కంపెనీ మార్చినా ఆ నత్తనడక మారదు. డిస్కు మార్చాలి.

వైరస్ ఏ దారిన వస్తుందో కూడా ఈ జాబితాలు చెప్పవు. దరఖాస్తు కోసం వచ్చిన మనిషి పెన్‌డ్రైవ్ ఇస్తాడు. తెరిస్తే ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి. వెనకాల లైన్ పెరుగుతుంటే ఆపరేటర్ వాటిలో ఒకదాన్ని నొక్కుతాడు. డీటీపీ షాపుది ఇంకో కథ. పాత అను ఫాంట్లు, పేజ్‌మేకర్ పైరసీ కాపీలుగా వస్తాయి. ‘ముందు యాంటీవైరస్ ఆపి, తర్వాత ఇన్‌స్టాల్ చేయండి’ అన్న సూచన వాటితోపాటే వస్తుంది. ఆపినదాన్ని మళ్లీ ఆన్ చేయాలని ఎవరికీ గుర్తుండదు.

2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి జరిగి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు స్తంభించినప్పుడు కూడా ఇలాంటి రాతలే వచ్చాయి. నేరమంతా విండోస్ ఎక్స్‌పీ మీదికి నెట్టారు. తర్వాత కాస్పర్‌స్కీ లెక్క తీస్తే ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్న యంత్రాల్లో నూటికి తొంభై ఎనిమిది విండోస్ 7వే అని తేలింది. అప్పటికి విండోస్ 7కు మద్దతు ఉంది. వానాక్రై చొరబడిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాడి మొదలైంది మే 12న. మధ్యలో ఉన్న 59 రోజుల్లో అప్‌డేట్ నొక్కనివాళ్లే నష్టపోయారు. ఇప్పుడు విండోస్ 10 విషయంలోనూ అదే గందరగోళం. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కు వైరస్ గుర్తింపు వివరాలు 2028 అక్టోబర్ దాకా అందుతాయి కనుక భయం లేదంటున్నారు. ఆ వివరాలు వైరస్‌ను పోల్చుకోవడానికి పనికొస్తాయే గానీ, విండోస్‌లో పడిన రంధ్రాన్ని పూడ్చవు.

అసలు చర్చ జరగాల్సింది చట్టం దగ్గర. ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ వైరస్ ఎక్కించినవాణ్ని పట్టుకుంటుంది. ఎక్కించుకున్నవాడి నిర్లక్ష్యం సంగతి 2008 సవరణతో వచ్చిన 43ఏ చూస్తుంది. వేలిముద్రలు, బ్యాంకు వివరాల వంటి సున్నితమైన సమాచారానికి తగిన రక్షణ లేక ఎవరైనా నష్టపోతే పరిహారం కట్టాలని అది చెబుతుంది. అయితే అది వర్తించేది ‘బాడీ కార్పొరేట్’కు. ఆ నిర్వచనంలో కంపెనీతో పాటు ఒంటరి యజమాని నడిపే వ్యాపారమూ ఉంది, ప్రభుత్వ కార్యాలయం లేదు. అంటే మీసేవ నడుపుకునే చిన్న మనిషి చట్టం పరిధిలో ఉన్నాడు, తహసీల్దార్ కార్యాలయం బయట ఉంది. 2020 అక్టోబర్ 29న తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైనప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు జరుగుతున్నది ఆ కార్యాలయంలోనే.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఈ లెక్క మార్చింది. అందులో ‘వ్యక్తి’ అంటే రాజ్యం కూడా. ఎనిమిదో సెక్షన్ ప్రకారం తన తరఫున వేరొకరు డేటాను నిర్వహించినా బాధ్యత అసలు సంస్థదే. నా దృష్టిలో దీని అర్థం స్పష్టం: ప్రభుత్వ సేవ కోసం మీసేవ కంప్యూటర్‌లో పడే ప్రతి వేలిముద్రకూ జవాబుదారీ ప్రభుత్వమే. శాంతిభద్రతల పేరుతో కొన్ని సంస్థలకు మినహాయింపు ఇచ్చే 17వ సెక్షన్‌ను రెవెన్యూ శాఖకు సాగదీయడం కుదరదు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు కనీస రక్షణలుగా ఎన్‌క్రిప్షన్, ఎవరు ఏది చూడవచ్చన్న అదుపు, లాగ్‌లు, బ్యాకప్ అడిగాయి. యాంటీవైరస్ అన్న మాటే అక్కడ లేదు.

లోపమూ ఉంది. జరిమానా రూ.250 కోట్ల దాకా వేయవచ్చు గానీ, అది భారత సంచిత నిధికే వెళ్తుంది. పరిహారం ఇచ్చే 43ఏను ఈ చట్టమే తొలగిస్తోంది. సమాచారం పోయిన దోమకొండ రైతు చేతికి పైసా రాదు.

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ప్రభుత్వ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. మన దగ్గర వైరస్ పడితే మొదట వినపడే మాట ‘ఫార్మాట్ కొట్టించు’. దాంతో ఆధారమూ పోతుంది.

ఇక ఏం చేయాలన్నది చూస్తే, ఉచిత యాంటీవైరస్‌కూ ఖరీదు ఉంది. వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మినందుకు అవాస్ట్‌పై అమెరికా వాణిజ్య కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్ల భారం మోపింది. పాత యంత్రానికి డిఫెండర్ చాలు. దానికి మద్దతు ముగిశాక మైక్రోసాఫ్ట్ ఇచ్చే పొడిగింపు అప్‌డేట్లు, ఒక ఎస్సెస్డీ, అడ్మిన్ హక్కుల్లేని ఖాతా, తీసి పక్కన పెట్టే బ్యాకప్ తోడవ్వాలి. సంస్థలకు ఆ అప్‌డేట్ల ధర తొలి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. విండోస్ 7 యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరం పెట్టాలి, లేదా లినక్స్‌కు మార్చాలి.

కొత్త చట్టంలోని రక్షణ బాధ్యతలు 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఈ రక్షణల ఖర్చును మీసేవ నిర్వాహకుడి కమీషన్ మీద రుద్దకుండా రాష్ట్ర ప్రభుత్వం ఆలోపే బడ్జెట్‌లో పద్దు తెరవాలి.