ప్రతి పరుగూ ఫైనల్ కాదు

గనికి పోయే తండ్రి, గ్రౌండుకు పోయే కొడుకు ఒకే గుమ్మంలోంచి ఒకే వేళకు బయటపడే ఇళ్లు సింగరేణి ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఫస్ట్ షిఫ్టు మొదలయ్యేలోపే గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనూ, ఎన్టీపీసీ, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ మైదానాల్లోనూ పిల్లలు పరుగు మొదలుపెడతారు. ఒకరికి పోలీసు ఉద్యోగం కావాలి, ఇంకొకరికి సైన్యం. కొందరికి జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో 800, 1500 మీటర్ల పతకాలు కావాలి. అందరి చేతిలోనూ స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్ ఉంటుంది. అందరికీ ఒకే అలవాటు... ఇవాళ నిన్నటి కంటే ఒక్క సెకనైనా తగ్గాలి. తగ్గితే పండగ, తగ్గకపోతే ఆ రోజంతా దిగులు.

ఈ పట్టుదలను తప్పుపట్టలేం. అయితే రోజూ పూర్తి శక్తితో పరుగెత్తడం సాధన కిందికి రాదు. అది రోజూ పరీక్ష రాయడం లాంటిది. చదవకుండా పరీక్షలే రాస్తూ పోతే మార్కులు పెరగవు, భయం మాత్రం పెరుగుతుంది. పరుగులో భయంతోపాటు గాయం కూడా వస్తుంది.

పరుగే జీవనంగా పెట్టుకున్న యువ క్రీడాకారులు ఇందుకు పూర్తి భిన్నంగా నడుచుకుంటారు. అమెరికా, యూరప్ దేశాల్లో జనవరి నుంచి మార్చి దాకా చలి వల్ల బయట ట్రాకుల మీద పోటీలు పెద్దగా జరగవు. అప్పుడు పైకప్పు కింద, 200 మీటర్ల చిన్న ట్రాకు మీద ఇండోర్ రేసులు పెడతారు. బయటి ట్రాకు చుట్టు 400 మీటర్లు కాబట్టి ఇక్కడ చుట్లు రెట్టింపవుతాయి. 1500 మీటర్లకు ఏడున్నర, 3000 మీటర్లకు పదిహేను చుట్లు. మలుపులు బిగువుగా, చాలాచోట్ల ఏటవాలుగా ఉంటాయి. గాలి అడ్డు లేదు, ఎండ లేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2024 ఫిబ్రవరిలో టెహ్రాన్‌లో 60 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది ఇలాంటి ఆసియా ఇండోర్ పోటీల్లోనే.

ఆమెది పొట్టి పరుగు. మధ్య దూరం పరుగెత్తేవాళ్లలో చాలామందికి ఈ చలికాలపు రేసు గమ్యం కాదు. వారి అసలు పోటీలు వేసవిలోనో, ఆ తర్వాతో ఉంటాయి. అందుకే ఇండోర్ రేసును ఒక కఠినమైన వర్కవుట్‌లా వాడుకుంటారు. పెద్ద పోటీ ముందు వారం, పది రోజులు సాధన తగ్గించి ఒంటికి విశ్రాంతినిస్తారు కదా, దీనికి అలా చేయరు. మామూలు వారం మధ్యలోనే, కాళ్లలో కొంత బడలిక ఉండగానే దిగుతారు. 1500 మీటర్ల రన్నర్ ఓపిక కోసం 3000 మీటర్లలో, వేగం కోసం 800 మీటర్లలో పాల్గొంటాడు. ‘మొదటి కిలోమీటరు తొందరపడొద్దు’, ‘చివరి రెండు చుట్లు మాత్రం గట్టిగా’ అంటూ కోచ్ ముందే ఒక పని అప్పజెబుతాడు. ఆ పని జరిగితే నాలుగో స్థానం వచ్చినా రేసు సఫలమైనట్టే.

సాధనే చేయాలనుకుంటే ఒంటరిగా పరుగెత్తొచ్చు కదా, రేసెందుకు? ఛాతీ మీద నంబరు, పక్కన భుజం తగిలే ప్రత్యర్థి, చుట్టూ కేకలు ఉన్నప్పుడు శరీరం చేసే శ్రమ ఒంటరిగా ఉన్నప్పుడు చేయదు. గుంపులో ఇరుక్కోవడం, దారి వెతుక్కోవడం, మొదట్లో దూసుకుపోవాలన్న ఉబలాటాన్ని ఆపుకోవడం రేసులోనే అబ్బుతాయి. ఓడినా నష్టం లేని చోట అవన్నీ నేర్చుకుని, గెలవాల్సిన చోట వాడుకోవడం అసలు కిటుకు.

మన సైన్యంలో పనిచేసే గుల్వీర్ సింగ్ 2025 సీజన్‌నే చూడండి. ఫిబ్రవరిలో అమెరికాలోని బోస్టన్ ఇండోర్ ట్రాకు మీద 5000 మీటర్లను 12 నిమిషాల 59.77 సెకన్లలో ముగించాడు. 13 నిమిషాలలోపు ఆ దూరం పరుగెత్తిన తొలి భారతీయుడయ్యాడు. మూడు నెలల తర్వాత, మేలో, దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది. అక్కడ 5000, 10,000 మీటర్లు రెండింటిలోనూ స్వర్ణం అతనిదే. ఆ 5000 మీటర్ల స్వర్ణానికి పట్టిన సమయం దాదాపు 13 నిమిషాల 24 సెకన్లు. అంటే తన అత్యుత్తమ సమయం కంటే సుమారు పాతిక సెకన్లు నెమ్మది! పతకానికి ఆ రోజు ఎంత కావాలో అంతే ఖర్చుపెట్టాడు. ఎక్కడ ఎంత పరుగెత్తాలో తెలియడమూ పరుగులో భాగమే.

ఇక్కడ మన పిల్లల లెక్కలకు వద్దాం. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నది నిబంధన. 400 మీటర్ల ట్రాకు మీద అబ్బాయిలకు చుట్టుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు, అమ్మాయిలకు 2 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. ఆరోగ్యంగా ఉండి, మూడు నెలలు క్రమంగా సాధన చేసిన యువతలో ఎక్కువమందికి ఇది అందని లక్ష్యం కాదు. అయినా కొందరు అర్హత గీత దగ్గరే ఆగిపోతుంటారు. శక్తి లేక కాదు, పరీక్ష నాటికే పిక్కలు, మోకాళ్లు దెబ్బతిని.

శరీరం పరుగెత్తేటప్పుడు బలపడదు. పరుగు కండరాన్ని, ఎముకను అలసిపోయేలా చేస్తుంది. ఆ తర్వాతి విశ్రాంతిలో, నిద్రలో, తిండిలో అవి మరమ్మతై మునుపటికంటే గట్టిపడతాయి. పూర్తి వేగంతో పరుగెత్తిన తర్వాత కోలుకోవడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడే మళ్లీ అదే వేగంతో దూకితే మరమ్మతు సగంలో ఆగిపోతుంది. మొదట ముంగాలి ఎముక వెంట నొప్పి వస్తుంది. ‘అదే పోతుందిలే’ అని నెట్టుకొస్తే ఆ ఎముకలోనే సన్నని చీలిక ఏర్పడుతుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. అది మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోతుంది.

‘మేం కష్టపడితేనే ఇక్కడిదాకా వచ్చాం, నొప్పి తెల్వకుండ ఏదొస్తది’ అనే తండ్రులుంటారు. బొగ్గు పెళ్లలు మోసి పిల్లల్ని చదివించినవారి మాటను తీసిపారేయలేం. కానీ గని పద్ధతి వాళ్లకే బాగా తెలుసు. భూగర్భంలో బ్లాస్టింగ్ అయిన వెంటనే ఎవరూ ముందుకు పోరు. పొగ పోవాలి, పైకప్పు తట్టి చూడాలి, సపోర్టు పెట్టాలి, ఆ తర్వాతే అడుగు. ఆ ఆగడాన్ని ఏ కార్మికుడూ సోమరితనం అనడు. కొడుకు కాళ్లకూ అదే నియమం వర్తిస్తుందని ఆ తండ్రే చెబితే, కోచ్ మాట కంటే ఎక్కువగా వింటాడు.

ఆగకపోతే జరిగే నష్టం గాయంతోనే సరిపోదు. మరో బొగ్గు రాష్ట్రం జార్ఖండ్‌లో 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు 60 నిమిషాల్లో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆ పరీక్షల్లో పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. ఉద్యోగం కోసం వెళ్లిన బిడ్డ శవమై రావడం కంటే ఘోరం ఏ ఇంటికి ఉంటుంది? వేడి, ఉక్కపోత, చాలని సాధన, ఎప్పుడూ పరీక్షించుకోని గుండె... ఇలాంటివి ఒక్కచోట కలిసినప్పుడు ‘ఎట్లయినా ముగించాలి’ అన్న పట్టుదల ప్రాణం మీదకు తెస్తుంది.

మన దగ్గర ఆ జాగ్రత్త మరింత అవసరం. వేసవిలో రామగుండం ఎండ ఎంత తీవ్రమో రాష్ట్రమంతటికీ తెలుసు. ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము, బొగ్గు లారీల దారులు అదనం. చలి దేశాల వాళ్లకు చలికాలం ఇంట్లోకి దూరే కాలమైతే, మనకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బయట పరుగెత్తడానికి మేలైన కాలం. మనకు ఇండోర్ ట్రాకు లేకపోవచ్చు. దాని వెనకున్న ఆలోచన మాత్రం ఇక్కడా పనికొస్తుంది. గణతంత్ర దినోత్సవ పోటీలు, డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం, కాలనీల్లో పెట్టే 2కే, 5కే రన్‌లు... వీటినే వర్కవుట్‌గా వాడుకోవచ్చు.

ఎలాగంటారా? పూర్తి వేగంతో టైమ్ చూసుకునే పరుగు రెండు మూడు వారాలకు ఒక్కసారి చాలు. వారంలో గట్టి సాధన రెండు రోజులకు మించొద్దు. మిగతా రోజుల్లో పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా సాగాలి, ఒకరోజు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. 1600 మీటర్లకు సిద్ధమయ్యేవారు 5కే రన్‌లో మొదటి మూడు కిలోమీటర్లు నింపాదిగా వెళ్లి, నాలుగో కిలోమీటరులో వేగం పెంచి, చివర మళ్లీ తగ్గించవచ్చు. 2కేలో అయితే ప్రతి 400 మీటర్లూ ఒకే సమయంలో పూర్తిచేయడమే పనిగా పెట్టుకోవచ్చు. వర్కవుట్ పేరుతో ప్రతి ఆదివారం ఒక రేసు వెతుక్కుని, అందులో మళ్లీ మెడల్ కోసం ఎగబడితే మాత్రం పాత తప్పే కొత్త పేరుతో చేసినట్టు.

సాధన మొదలుపెట్టేముందు ఒకసారి బీపీ, గుండె, రక్తహీనత పరీక్షలు చేయించండి. మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మీ అమ్మాయి టైమ్ తగ్గకపోవడానికి బద్ధకం కాక హిమోగ్లోబిన్ కారణం కావచ్చు. నెలసరి ఆగిపోతే ‘పరుగు వల్లేలే’ అని సరిపెట్టుకోవద్దు. చేసే శ్రమకు తిండి చాలడం లేదని చెప్పే సంకేతమది కావచ్చు. సికిల్ సెల్ ఎక్కువగా కనిపించే ఆదివాసీ ప్రాంతాల పిల్లలకు ఆ పరీక్ష కూడా చేయించాలి. ఆ లక్షణం మోస్తున్నవారికి ఎండలో తీవ్రమైన పరుగు ప్రమాదకరం కాగలదు. పరుగులో ఛాతీనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, ఆ తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎండలో కుప్పకూలి, మాట తడబడుతుంటే అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా చేతులు ముడుచుకోకుండా నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ గాలి ఆడేలా చూడాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

కుటుంబాలు చేయగలిగింది ఇది. సంస్థలు చేయాల్సిందీ ఉంది. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది, రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. నియామకాల సీజన్‌కు ముందు ఉద్యోగార్థులందరికీ ఉచిత పరీక్షల శిబిరం పెట్టడం వీటికి పెద్ద భారం కాదు. రన్‌లు నిర్వహించేవారు టీషర్టులకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత మంచినీళ్లకు, ప్రథమ చికిత్సకు, ఒక అంబులెన్స్‌కు కేటాయించాలి. గెలిచినవారికే కాదు, అనుకున్న సమయానికి దగ్గరగా ముగించినవారికీ ఒక బహుమతి పెడితే పిల్లలకు వేగంతోపాటు నిదానమూ అలవడుతుంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్లకు దూరంగా, నీడ ఉన్న మట్టి దారులను సాధనకు గుర్తించే పనిని నగరపాలక సంస్థ తలకెత్తుకోవాలి.

ఈ పిల్లలు పరుగెత్తేది సరదాకు కాదు. ఒక ఇంటి రాబడి, ఒక చెల్లి చదువు, గనిలో అరిగిపోయిన తండ్రి విశ్రాంతి ఆ కాళ్ల మీద ఆధారపడి ఉన్నాయి. అందుకే ఆ కాళ్లను అసలు రోజు దాకా కాపాడుకోవాలి. రేపు ఉదయం చెమటతో ఇంటికొచ్చిన బిడ్డను ‘ఎంతల కొట్టినవ్?’ అని అడగకండి. ‘ఇయ్యాల్టి పని ఏంది, అయిందా?’ అని అడగండి. ‘నిదానంగ ఉరకమన్నరు, ఉరికిన’ అని జవాబొస్తే, సంతోషంగా ఒక గ్లాసు మజ్జిగ చేతికివ్వండి.