బుజ్జమ్మ ఎవరు?

మా మేనమామ దగ్గర ఓ నల్ల ట్రంకు పెట్టె ఉండేది. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. వయసు మీద పడ్డాక కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునేవాడు. మనవణ్ణి కొడుకు పేరుతో పిలిచేవాడు. కానీ అర్ధరాత్రి లేపి అడిగినా ఆ నంబరు మాత్రం ఒక్క అంకె పొల్లుపోకుండా గడగడా చెప్పేసేవాడు.

ఆ పెట్టె అడుగున, పాత ఉన్ని కోటు మడతల్లో ఓ చిన్న పుస్తకం. డిశ్చార్జి బుక్కు. 1968లో సిపాయిగా చేరి, 21 ఏళ్ళు చేసి, 1989లో హవల్దారుగా పెన్షన్ వచ్చినప్పుడు చేతికిచ్చి పంపించారు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడల్లా దాన్ని తీసి మెడల్స్ రాసిన పేజీ చూపించేవాడు. "పూర్వీ స్టార్ అంటే ఏంటో తెల్సా అల్లుడూ?" అంటూ మొదలెడితే 1971 డిసెంబరు యుద్ధం రాత్రి భోజనాల దాకా సాగేది. ఆ పేజీ మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. నాలుగు పేజీలు తిప్పితే భార్యాపిల్లల వివరాలున్నాయి. ఆ పేజీని ఎవరూ చూడలేదు. చూసినా పట్టించుకోలేదు.

2022 డిసెంబరులో మావయ్య పోయాడు. కర్మకాండలయ్యాక, డెత్ సర్టిఫికెట్టు పట్టుకుని అత్తయ్యనీ నన్నూ తీసుకుని మా బావ బ్యాంకుకు వెళ్ళాడు. ఫ్యామిలీ పెన్షన్ కోసం. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. ఆధార్ చూశాడు, పెన్షన్ ఆర్డరు చూశాడు, మళ్ళీ ఆధార్ చూశాడు. తలెత్తి, "బుజ్జమ్మ ఎవరండీ?" అన్నాడు.

"నేనే బాబూ" అంది అత్తయ్య.

"మరి ఆధార్‌లో వేరే పేరుందేమిటమ్మా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఓ అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అత్తయ్యకు వాళ్ళ నాయనమ్మ పేరు పెట్టారు. మన ఇళ్ళలో మామూలే. అయితే అత్తగారి పేరు కోడలు నోటితో పలక్కూడదు కదా! అందుకని వాళ్ళమ్మ కన్నకూతుర్ని ఆ పేరుతో పిలవలేక "బుజ్జమ్మా" అని పిలిచింది. ఇల్లంతా అదే పిలిచింది, తర్వాత ఊరంతా. 1975లో మావయ్య నెలరోజుల సెలవులో వచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళాడు. యూనిట్లో గుమాస్తా "బీవీ కా నామ్?" అని అడిగితే తనకు తెలిసిన పేరే చెప్పాడు. సాక్ష్యానికి పట్టుకెళ్ళిన మునసబు గారి చీటీలోనూ అదే పేరు. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరూ పొరపాటు పడలేదు కూడా, ఒక రకంగా. స్కూలు రిజిస్టర్లోనూ, తర్వాత రేషన్ కార్డులో, ఓటరు కార్డులో, ఆధార్‌లో మాత్రం నాయనమ్మ పేరే ఉండిపోయింది.

ఆ రోజు మొదలుపెట్టి పదకొండు నెలలు పట్టింది. ఈ పదకొండు నెలల్లో మాకు తెలిసొచ్చిన సంగతులు కొన్ని చెప్పాలని ఈ వారం ఈ కబురు ఎత్తుకున్నాను. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని చుట్టుపక్కల వాళ్ళు మిలటరీ మాధవరమనే పిలుస్తారు. అంత పేరు లేకపోయినా, మిలటరీ పెన్షను ఇల్లు ఒకటైనా లేని పెద్ద ఊరు మన దగ్గర తక్కువే. అలాంటి ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు ఇంకెన్నో ఉండి ఉంటాయి.

సిపాయికి పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, ప్రమోషన్ వచ్చినా యూనిట్లో దాన్ని 'పార్ట్ టూ ఆర్డర్' అనే కాగితంలో వేస్తారు. అది ఆయన రెజిమెంటుకో కోరుకో చెందిన రికార్డు ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ 'షీట్ రోల్' అని ప్రతి మనిషికీ ఒక చిట్టా ఉంటుంది. అందులోకి ఎక్కుతుంది. డిశ్చార్జి బుక్కు రాసేది ఆ చిట్టా చూసే. అక్కణ్ణించి వివరాలు అలహాబాదు వెళ్తాయి. 2018 నుంచి ఆ ఊరి పేరు ప్రయాగ్‌రాజ్. అక్కడి డిఫెన్స్ అకౌంట్స్ వాళ్ళ పెన్షన్ కార్యాలయం పెన్షన్ ఆర్డరు జారీ చేస్తుంది. వాళ్ళు పీపీఓ అంటారు. దాన్ని బట్టే బ్యాంకు డబ్బు జమ చేసేది. 2021 నుంచి 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చి, పాత పెన్షనర్లను కూడా విడతలు విడతలుగా అందులోకి మార్చారు. అందులోకీ ఎక్కినవి ఆ పాత వివరాలే.

గోదావరి కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తల దగ్గర బురద కలిస్తే శివారు చేను దాకా బురదే వస్తుంది. శివార్లో నిలబడి ఎంత తేర్చినా లాభం లేదు. మేం మొదటి మూడు నెలలూ చేసింది సరిగ్గా ఆ పనే. బ్యాంకు చుట్టూ తిరిగాం. మేనేజరు గారిని బతిమాలాం. ఖాతా ఇద్దరి పేరా ఉంది కదండీ, ఇన్నేళ్ళుగా ఇద్దరూ కలిసొచ్చి డబ్బు తీసుకున్నారు కదండీ అని వాదించాం. ఆయన తప్పు లేదు. పీపీఓలో పేరు దిద్దే అధికారం బ్యాంకుకు లేదు. అది ముందు రికార్డు ఆఫీసులో మారాలి. వాళ్ళు కొత్తగా పార్ట్ టూ ఆర్డరు వేసి పైకి రాస్తే, ప్రయాగ్‌రాజ్ నుంచి 'కొరిజెండం పీపీఓ' అని సవరణ కాగితం రావాలి.

ఈ మాట మాకు చెప్పింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక పెద్దాయన. ఆయనా మాజీ సైనికుడే. మా దగ్గరున్న కాగితాల కట్ట చూసి, "ఇవన్నీ కాదు. ముందు డిశ్చార్జి బుక్కు తీయండి" అన్నాడు. భార్యాపిల్లల పేజీ మొదటిసారి మా కళ్ళబడింది అప్పుడే.

ఏ రికార్డు ఆఫీసుకు రాయాలన్నది కూడా చాలామంది తికమకపడే సంగతే. అన్నిటికీ ఢిల్లీయే అనుకుంటారు. కాదు. ఆర్టిలరీ వాళ్ళది నాసిక్ రోడ్డు, సిగ్నల్స్ వాళ్ళది జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్ వాళ్ళవి మన సికింద్రాబాద్‌లోనే. ఏ యూనిట్లో పనిచేశాడన్నది కాదు, ఏ కోరు మనిషన్నది ముఖ్యం. ఉత్తరం మీద ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు లేకపోతే ఆ ఉత్తరం ఎవరిదో కూడా వాళ్ళకు తెలియదు. పెట్టె మూత మీద మావయ్య రాయించుకున్న మూడూ అవే!

మా చేత అడిగించుకున్నవి ఇవి: దరఖాస్తు, డిశ్చార్జి బుక్కు, పీపీఓల నకళ్ళు, ఆధార్, స్కూలు సర్టిఫికెట్టు, ఇద్దరూ ఉన్న ఫొటో, ఫలానా బుజ్జమ్మా ఈ పేరు గల ఆవిడా ఒక్కరేనని మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన అఫిడవిట్టు. అక్షరం తేడా అయితే పని త్వరగా తెములుతుందట. మాది పేరే వేరు కాబట్టి పేపర్లో ప్రకటన కూడా వేయించాం. ఆ చిన్న డబ్బా ప్రకటన వచ్చిన రోజు అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివింది. "నలభయ్యేడేళ్ళు కాపురం చేసి, నేనే నేనని ఇప్పుడు పేపర్లో వేయించుకోవాల్సొచ్చింది" అంది. ఏడవలేదు. పేపరు మడిచి దిండు కింద పెట్టుకుంది.

ఈ పదకొండు నెలలూ ఇల్లు గడవలేదని కాదు. కొడుకు ఉన్నాడు, చూసుకున్నాడు. కానీ ఆవిడ మందులు ఆవిడే కొనుక్కునే మనిషి. మనవరాలి పుట్టినరోజుకు తన చేత్తో గౌను కొనే మనిషి. ఆ ఏడాది కొనలేదు.

పేరొక్కటే కాదు, తేదీలతోనూ ఇదే గొడవ. మన తరం ముందు వాళ్ళలో సగం మంది జులై ఒకటినే పుట్టినట్టుంటుంది, బడిలో చేర్చుకున్న మేష్టారి పుణ్యమా అని! సైనికుడి పుట్టినతేదీ మాత్రం చేరినప్పుడు ఏది రాశారో అదే ప్రమాణం. పెన్షన్ వచ్చాక దాన్ని సాధారణంగా ముట్టుకోరు. చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ కూడా జాగ్రత్తగా చూసుకోవలసినవే. సిపాయికి సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఆ లెక్కలో కొన్ని రోజుల తేడా కూడా తేడాయే.

భార్య పుట్టినతేదీ సంగతి మరీ విచిత్రం. పాత పీపీఓలు చాలావాటిలో అసలు అది ఉండేదే కాదు. అప్పట్లో దానితో పనిలేదు. ఆరో వేతన సంఘం వచ్చాక, 2006 నుంచి పని పడింది. 80 ఏళ్ళు నిండితే పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరు నిండితే నూటికి నూరు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆవిడకూ ఇదే లెక్క. తీరా కాగితంలో తేదీ లేకపోతే, పళ్ళన్నీ ఊడిన ముసలమ్మ కూడా తనకు 80 నిండాయని రుజువు చేసుకోవాలి.

కాగితం అసలే లేనివాళ్ళ మాట వేరు. పెన్షన్ లేకుండా బయటికొచ్చిన వాళ్ళ చిట్టాలను సాధారణంగా 25 ఏళ్ళు ఉంచి తీసేస్తారు. గాయంతో వెనక్కొచ్చిన మనిషి ఎప్పుడో పెద్దతనంలో వికలాంగ పెన్షన్ అడిగితే, అక్కడ చూడ్డానికి చిట్టా ఉండదు. అమెరికాలో ఇంతకన్నా పెద్ద ఉపద్రవమే జరిగింది. 1973 జులైలో సెయింట్ లూయిస్‌లో మిలటరీ రికార్డుల భవనం తగలబడి, కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్ళు బూడిదయ్యాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోరాడిన వాళ్ళవి అందులో ఎన్నో. ఇంటి అటకమీద తమ కాపీ దాచుకున్నవాళ్ళు బతికిపోయారు. లేనివాళ్ళు పాత జీతం చీటీలతో, ఆస్పత్రి కాగితాలతో తమ సర్వీసును ముక్క ముక్కగా అతికించుకోవలసి వచ్చింది. అందుకే డిశ్చార్జి బుక్కు ప్రతి పేజీ జిరాక్సు తీయించి, ఒకటి పిల్లల దగ్గర ఉంచమంటాడు సైనిక సంక్షేమ కార్యాలయం పెద్దాయన.

రికార్డు ఆఫీసు ససేమిరా అంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007లో చట్టం చేశారు. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. మాకు అంత దూరం వెళ్ళే పని పడలేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ సంగతి మావయ్యకు తెలుసు. పోవడానికి మూడు నాలుగేళ్ళ ముందు మాజీ సైనికుల సమావేశంలో ఎవరో చెప్పారట, భార్యల పేర్లు చూసుకోండి, ఆధార్‌తో కలవకపోతే ఇప్పుడే దిద్దించుకోండి అని. ఆయన బతికుండగా అయితే పని ఎంతో సులువు. నా భార్య పేరు ఇదీ అని ఆయనే సంతకం పెట్టి పంపిస్తే సరిపోయేది. ఆయనకు నెలనెలా పెన్షన్ పడుతూనే ఉంది కాబట్టి ఆ తప్పు తప్పులా కనిపించలేదు. నేనోసారి గుర్తు చేస్తే, "బుజ్జమ్మ నా పెళ్ళామని నాకు తెలీదంట్రా? నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్టుకు ఎలాగూ వెళ్తాం కదా, అప్పుడు చూద్దాంలే" అన్నాడు. ఆ నవంబరు వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాతివీ వెళ్ళాయి. నేను మళ్ళీ గుర్తు చేయలేదు. అందులో నా పాలూ ఉంది.

2023 నవంబరులో సవరణ కాగితం వచ్చింది. మావయ్య పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయిలన్నీ ఒకేసారి పడ్డాయి. కాగితం చదివి వినిపించమంది అత్తయ్య. పేరు దగ్గర నన్ను ఆపింది. "ఇంకోసారి చదువు" అంది. చదివాను. "మా అమ్మ పోయేదాకా ఒక్కసారి కూడా ఈ పేరు పెట్టి పిలవలేదు" అని నవ్వింది.

పేరు అక్షరం తప్పులేకుండా పడింది. కిందికి చూస్తే పుట్టిన సంవత్సరం ఆధార్‌లో ఉన్నదానికి రెండేళ్ళు తక్కువగా ఉంది. అంటే రేపు 80 నిండే లెక్క దగ్గర మళ్ళీ పేచీ.

"దానికింకా పదేళ్ళ పైనే టైముందిలే అత్తయ్యా" అన్నాను.

"మీ మావయ్యా అట్టాగే అనేవాడు" అంది.

సోమవారం పొద్దున్నే సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాం. పెద్దాయన ఆవిణ్ణి చూడగానే కుర్చీ చూపించి, "ఈసారి ఏం తప్పొచ్చిందమ్మా?" అన్నాడు.