పానా పట్టెడి చేతుల కొరకు
విజయవాడ నగరపాలక సంస్థ కమిషనరుగారికి బహిరంగ లేఖ

మహాశయా,

పటమట హైస్కూలు రోడ్డులో నలువది యేండ్లుగా కాపురముండి, అందులో అధికభాగము బడిపిల్లలకు తెలుగు చెప్పి, ఇప్పుడు వీధి అరుగుమీద పత్రిక చదువుకొనుటకంటె వేరు పనిలేని ఒక వృద్ధుడు మీకు లేఖ వ్రాయుచున్నాడనిన, అది మురుగుకాలువను గూర్చియో, వీధికుక్కలను గూర్చియో అయియుండునని మీరు తలంచుట సహజము. ఆ రెండును మా వీధిలో సమృద్ధిగ కలవు. వానిని గూర్చి వేరొకమారు విన్నవించుకొందును.

పోయిన నెలలో మా అల్లుని పాతకారునకు క్లచ్చి ప్లేటు మార్పించుటకై ఆటోనగర్‌లోనికి పోవలసివచ్చినది. గేటు దాటినది మొదలు షెడ్డు తలుపులపై ‘హెల్పర్లు కావలెను’ అను వ్రాత కనబడుచునే యున్నది; కొన్నిచోట్ల సుద్దతో, కొన్నిచోట్ల పెయింటుతో. సుద్దతో వ్రాసినవాడు ఆశావాదియనియు, పెయింటుతో వ్రాసినవాడు అనుభవజ్ఞుడనియు నాకు తోచినది. నేను పోయిన షెడ్డు మేస్త్రీ ఒకప్పుడు నా శిష్యుడే. ఏడవ తరగతిలో పద్యము అప్పగింపలేక బల్లపై నిలుచున్నవాడు, మరునాటినుండి బడికి రాలేదు. నాలుగు దినములకు ఒక లారీ క్రిందనుండి నూనె పూసుకొన్న ముఖముతో నన్ను చూచి నవ్వినాడు. ఇప్పుడతనికి ఏబదియేండ్లు దాటినవి.

“నలుగురు ఉండాల్సిన షెడ్డండీ మాస్టారూ. ఇప్పుడు నేనూ, ఈ ఒరిస్సా కుర్రాడూ. వీడు పండక్కి వెళ్తే మళ్ళీ వస్తాడో రాడో,” అని అతడు చేతులు తుడుచుకొనుచు చెప్పిన మాటయే ఈ లేఖకు మూలము.

జవహర్ ఆటోనగర్ పుట్టినది 1960ల దశకమున. నగరములోని ఇరుకు వీధులలో చెదరియున్న మోటారు షెడ్లకు ఊరి వెలుపల, పటమట పొలముల అంచున, ఒక్కచోట తావు దొరకుటతో అది యారంభమైనది. అప్పటికి పటమట వేరు పంచాయతీ. నగరములో కలిసినది 1985లో. కలకత్తా–మద్రాసు మార్గమును, బందరు–హైదరాబాదు మార్గమును ఈ యూరనే కలిసికొనుటచేత, ఆగిన ప్రతి లారీకిని ఇచటనే వైద్యము జరిగినది. ఆసియాలోకెల్ల పెద్దదని మావారు చెప్పుకొందురు. కొలిచినవారెవ్వరో నేనెరుగను, కాని ఆ మాటను కాదనుటకు మనసొప్పదు. ఒట్టి ఛాసిస్ ఒక గేటున ప్రవేశించి, కొన్ని వారముల పిదప రంగురంగుల నిండుదేహముతో మరియొక గేటున వెలువడును. ఆ నడుమ దానిపై చేయి వేయువారెందరు! చట్రము కట్టు వెల్డరు, చెక్క బిగించు వడ్రంగి, రేకు సరిచేయు టింకరు, కమానుకట్టలు కూర్చు కమ్మరి, లేతుపై షాఫ్టు తిప్పు టర్నరు, డీజిలు పంపు సరిచూచువాడు, వైరింగువాడు, సీట్లు కుట్టువాడు, తుదకు వెనుక తలుపుపై యజమాని పిల్లల పేర్లను వంకరపోకుండ వ్రాయు చిత్రకారుడు. వీరిలో ఏ ఒక్కడు లేకున్నను బండి కదలదు. వీరెవ్వరును ఏ కళాశాలలోను ఈ విద్య నేర్వలేదు.

ఎట్లు నేర్చిరి? పదేండ్ల పసివాడు షెడ్డులో చేరి, మొదట టీ తెచ్చి, పిమ్మట పానాలు కడిగి, ‘పది-పదకొండు’ అనిన ఏది, ‘పన్నెండు-పదమూడు’ అనిన ఏది యని గ్రహించి, చెంపదెబ్బలు తిని, పదునైదేండ్లు వచ్చునప్పటికి ఇంజను విప్పగలవాడయ్యెడివాడు. ఆ విధానమును నేను మెచ్చుకొనుట లేదు. నా తరగతి బల్లలు అట్లు ఖాళీయగుట నా కన్నులతో చూచినవాడను. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లలోపు పిల్లలను కూలికి పెట్టరాదనియు, పదునెనిమిది నిండనివారిని ప్రమాదకరమగు పనులలో దింపరాదనియు శాసించిరి. అది న్యాయము. అయితే, ఆ పాతదారి ఎంత క్రూరమైనదైనను, షెడ్డులోనికి పోవుటకు ఉన్నదారి అదియొక్కటియే. దానిని మూసినవారు వేరొక దారి తెరచిరా యని అడిగిన, సమాధానము లేదు. పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి కుర్రవాడు చేతిలో ఫోనుతో, తలలో వేరు కలలతో ఉండును. పానాల సైజులు నేర్చుకొనుటకు వానికి సిగ్గు.

విద్యయు మునుపటి విద్య కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 కాలుష్య ప్రమాణముల బండ్లనే అమ్మవలెనను నియమము వచ్చినది. ఇంజనునిండ సెన్సార్లు, పొగగొట్టమునకు యూరియా ద్రవము, అన్నిటిపైన పెత్తనము చేయు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. బస్సు బాడీ కట్టువాడు ఏఐఎస్-052 అను నిబంధనావళిని అనుసరింపవలెను. 2025 అక్టోబరు 1 నుండి తయారగు లారీల క్యాబిన్లలో ఏసీ ఉండితీరవలెనని కేంద్రము నిర్ణయించినది. దానిని బాగుచేయువాడును కావలెను గదా! నా శిష్యుడు అప్పుచేసి స్కానరు కొన్నాడు. “పెడితే ఇంగ్లీషులో ఏదో నంబరు చూపిస్తుందండీ. రోగం పేరు చెబుతుంది, మందు చెప్పదు,” అని నవ్వినాడు. చెవితో ఇంజను రోగము కనుగొనగల ఆ మహావైద్యుడు ఆ నంబరు ముందు నిరక్షరాస్యుడై నిలుచుట చూచి, ఏడవ తరగతిలో బల్లపై నిలబెట్టినవాడను నేనేయని జ్ఞప్తికి వచ్చి, నాకు నవ్వు రాలేదు.

జీతము చాలక రాకున్నారా యని అడిగితిని. మొదట చాలదనియే చెప్పినాడు, మరల కొంతసేపటికి, “జీతం ఒకటే కాదు మాస్టారూ. ఆటోనగర్‌లో పనంటే పిల్లనిచ్చేవాళ్ళేరి?” అన్నాడు. గృహస్థాశ్రమమే సందేహమైనచోట ఏ వృత్తి నిలుచును? అతని కొడుకు బీటెక్ చదివి హైదరాబాదులో ఏదో కార్యాలయమున ఉన్నాడు. ఆ కొడుకు నెలజీతము తండ్రి ఒక వారపు ఆదాయముకంటె ఎక్కువ కాదని నాకు తెలియును, అతనికిని తెలియును. కాని పెండ్లిచూపులలో ఆ లెక్క ఎవ్వరును వేయరు. మరి, పెద్ద కంపెనీ ఈ చిక్కును తనంతట తాను తీర్చుకొనగలదు. మల్లవల్లిలో అశోక్ లేలాండ్ వారి బస్సుల కర్మాగారము 2025 మార్చిలో ప్రారంభమైనది; అట్టివారు పనివారిని తామే యెన్నుకొందురు, తామే తర్ఫీదు చేయుదురు, చొక్కాపై పేరు కుట్టించి యిత్తురు. ఇద్దరు ముగ్గురు పనివారుగల షెడ్డు ఆ పని చేయజాలదు. అట్టి షెడ్లు వేలకొలది ఒక్కచోట నున్నపుడు, వారి పక్షమున ఆ పని చేయగలది నగరము.

ఆటోనగర్ వ్యవహారము రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థయగు ఏపీఐఐసీ వారిదనియు, అచటి పన్నులు పారిశ్రామికవాడ స్థానిక సంస్థయగు ‘ఐలా’ వారు చూచుకొందురనియు, నగరపాలక సంస్థకు దానితో ప్రసక్తి స్వల్పమనియు మీ కార్యాలయములో ఎవరైనను చెప్పవచ్చును. పని చేయుచోటు ఎవరిదైనను, పనిచేయువాడు సాయంకాలము చేరునది మీ డివిజనులోని గదికే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతము మునిగినపుడు, నీరు తీసిన పిదప నగరమంతయు వెదకినది ఎవరిని? మెకానిక్కును, ఎలక్ట్రీషియనును, ప్లంబరును. మోటారు సైకిళ్ళు బారులు తీరి నిలిచినవి. విప్పి కడుగు చేతులు చాలలేదు. ఆ వారమున పిల్లనిచ్చుటకు ఎవరైనను సిద్ధపడియుందురు.

ఒక నగరము ఇట్టి భారమును తలకెత్తుకొనిన ఉదాహరణము కలదు. జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు 1895 నుండి 1919 వరకు విద్యాధికారిగ నుండిన గేయార్గ్ కెర్షెన్‌స్టైనర్, బడి విడిచి పనిలో చేరిన బాలురకై నగరపాలనపక్షముననే వృత్తిబడులు నెలకొల్పెను. రొట్టెలు కాల్చువారికొక బడి, చెప్పులు కుట్టువారికొకటి, క్షురకులకొకటి. ప్రతిదానికిని ఆ వృత్తి పెద్దల సహకారము. వారమునకు కొన్ని గంటలు యజమాని కుర్రవానిని విడిచిపెట్టవలెను. మిగిలిన కాలము పనియే వానికి పాఠము. జర్మనీ పనితనమునకు నేడు లోకమిచ్చు గౌరవములో ఆ బడుల భాగము చిన్నది కాదు.

అంతదూరము పోనేల? మా పటమట ప్రక్కగ సాగు బందరు రోడ్డు చివరనే, 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, సాహిత్యముతోపాటు చేతిపనులను, యంత్రవిద్యను అక్కడి విద్యార్థులకు నేర్పించిరి. ఉలి పట్టిన చేయి పుస్తకము పట్టిన చేతికి తీసిపోదని ఈ సీమ ఒకప్పుడు నమ్మినది. ఆ నమ్మకము ఈ అరువది డెబ్బది కిలోమీటర్ల దారిలో ఎచట జారిపోయెనో!

ఇక నేను కోరునది. మొదటిది బడి, అదియును ఉదయపు బడి. పదవీవిరమణానంతరము ఉత్సాహము కొలది నేను షెడ్డు కుర్రవాండ్రకు రాత్రిబడి నడిపితిని. మూడు నెలలు సాగినది. పగలంతయు సుత్తి కొట్టినవాడు రాత్రి ఎనిమిదింటికి పలక ముందు కూర్చుండి ఏమి చేయును? నిద్రించును. నాకును నిద్ర వచ్చెడిది. షెడ్లు తెరచుట తొమ్మిది దాటిన తరువాతనే గనుక, ఆరున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు ఈ పరిసరములలోని నగరపాలక పాఠశాలల గదులు ఖాళీగనే యుండును. ఆ రెండు గంటలు వైరింగు పటము చదువుట, మల్టీమీటరు పట్టుట, స్కానరు నంబర్లకు అర్థము చెప్పుకొనుట, వెల్డింగులో కన్ను కాపాడుకొనుట నేర్పింపవచ్చును. మన నగరముననే ప్రభుత్వ ఐటీఐయు, పాలిటెక్నిక్కును కలవు. అచటి అధ్యాపకులు ఒక దినము, ఆటోనగర్ మేస్త్రీలు మరియొక దినము చెప్పవలెను. మేస్త్రీకి గౌరవవేతనము తప్పక ఇవ్వవలెను. ఉచితముగ చెప్పించుకొనిన విద్యను ఈ దేశములో ఎవరును లెక్కచేయరు.

రెండవది అప్రెంటిస్ చట్టము. అది 1961 నాటిది. ముప్పదిమందియో అంతకు మించియో పనివారున్నచోట అప్రెంటిసులను తీసికొనుట విధి. మా షెడ్లకు ఆ విధి లేదు, అందువలన వచ్చు మేలును లేదు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకము క్రింద కేంద్రము భృతిలో నాలుగవ వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండ, భరించును. కాని దానికై వెబ్‌సైటులో పేరు నమోదు, ఒప్పందము, హాజరు, లెక్కలు! గ్రీజు చేతులతో ఎవడు చేయును? చిన్న సంస్థల పక్షమున ఈ వ్రాతపని నిర్వహించుటకు మూడవ పక్షమును నియమముల లోనే అంగీకరించిరి. ఆ మూడవ పక్షముగ నగరపాలక సంస్థయు, అచటి మోటారు టెక్నీషియన్ల సంఘమును కలిసి ఒక గది, ఇద్దరు గుమాస్తాలు, ఒక కంప్యూటరుతో ఆటోనగర్‌లో కూర్చుండిన చాలును. కుర్రవాడు ఒక షెడ్డుకు బానిస కాక, ఆరు నెలలు లేతుపైన, ఆరు నెలలు ఇంజనుపైన, ఆరు నెలలు వైరింగులో తిరిగి నేర్చును.

తుదకు పరీక్ష, పట్టా. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకము పదునెనిమిది వృత్తులను గుర్తించినది. అందు కమ్మరి కలడు, వడ్రంగి కలడు, మోటారు మెకానిక్కు లేడు. పోనిండు. నగరమే తన ముద్రతో పట్టా ఇచ్చుగాక. ముందుగ ముసలి మేస్త్రీలకిచ్చి, వారి షెడ్డుపై ‘నగరపాలక సంస్థ గుర్తించిన గురువు’ అను బోర్డు కట్టింపుడు. హెల్పర్ల ప్రకటన ఎంత త్వరగ చెరిపివేయవలసివచ్చునో చూడుడు. కృష్ణకు ఆవలిగట్టున మంగళగిరిలో 2024లో నైపుణ్యగణనను ప్రయోగముగ ఆరంభించిరి. యువకులకు ఏమి వచ్చునో అడుగుట మంచిదే. షెడ్లకు ఏమి కావలెనో కూడ ఎవరైనను పోయి అడిగినచో, ఆ రెండు పట్టికలు ఎదురెదురుగ పెట్టుకొనవచ్చును.

వసతి సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. పేదలకు జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకపు ఇండ్లు కట్టినది నగరమునకు ఆ కొసన జక్కంపూడిలో. పని యున్నది ఈ కొసన. తెల్లవారుజామున నేరుగ ఒక బస్సు వేయించుటకు ఆర్టీసీవారిని మీరు అడిగిన కాదనరు. మరి స్త్రీల మాట: వైరింగు, సీట్ల కుట్టు, స్కానరు పని ఆడపిల్లలు నేర్వగలరని చెప్పి, వారికి మరుగుదొడ్డి ఎక్కడ నున్నదని మూడు షెడ్లలో అడిగితిని. మూడుచోట్లను నవ్విరి. మీరు నవ్వరని నమ్ముచున్నాను.

నగరపాలక సంస్థకే చెత్తబండ్లు, నీటి ట్యాంకర్లు, టిప్పర్లు అనేకము గలవు. వాని మరమ్మతుల టెండరులో, పని తీసికొనువాడు ఇద్దరు అప్రెంటిసులను పెట్టవలెనని ఒక వాక్యము చేర్చుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదనుకొందును.

మీరు స్వయముగ చూడగోరినచో తొమ్మిది గంటలలోపల దయచేయుడు. ఆ తరువాత సుత్తుల మోతలో మాట వినబడదు. నేను అరుగుమీదనే యుందును. నా శిష్యుని షెడ్డు ఇచటికి పది నిమిషముల నడక. అల్లుని కారు ఇంకను అచటనే యున్నది; ఒరిస్సా కుర్రవాడు పండుగకు పోయినాడు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పటమట.