కలము కాని కలము

మొన్న ఒక మిత్రుని ఇంటికి వెళ్ళినప్పుడు, తన మనుమని పుస్తకాల సంచిలో దొరికినదంటూ ఒక సన్నని గొట్టాన్ని నా చేతిలో పెట్టారు. 35 ఏండ్లు పిల్లల జేబులలో కలాలను చూచిన నేను, దానినీ కలమే అనుకొని మూత తీయబోయాను. అది ఈ-సిగరెట్టు. మామిడిపండు వాసన! బడిలో సంగతి తెలిసి, పిల్లవానిని పంపివేస్తామంటున్నారట.

మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టం ద్వారా వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన నిషిద్ధమయ్యాయి. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ నిషేధాన్ని నేను మనసారా సమర్థిస్తాను. పొగ కాదు, ఆవిరే కదా అనేవారు ఒకటి మరువరాదు. ఆ ఆవిరిలో సాధారణంగా నికోటిన్ ఉంటుంది. ఇంకా ఎదుగుతున్న మెదడుకు అది చేటు. అలవాటు త్వరగా వ్యసనమౌతుంది.

సిగరెట్టు, బీడీ దొరుకుతుండగా దీనికొక్కదానికే నిషేధమా అని కొందరడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి జవాబు దీనిని వదలివేయడం కాదు, 2003 నాటి పొగాకు చట్టాన్ని నిజంగా అమలు చేయడం. విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదనీ, 18 ఏండ్లు నిండనివారికి ఎక్కడా అమ్మరాదనీ అందులో ఉన్నది. ఆ సంగతి మన వీధి చివరి బడ్డీకొట్టుకు తెలుసునా?

2019 చట్టంలో నాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. అది తయారుచేసేవానిని, అమ్మేవానిని, నిల్వచేసేవానిని, ప్రకటించేవానిని శిక్షిస్తుంది. వాడకాన్ని ప్రత్యేకించి నేరమనలేదు. ఆ వివేకం బడికి వద్దా?

కన్యాశుల్కంలో వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పినవాడు గిరీశం. తప్పు గురువుదేనని చదివినవారందరికీ తెలుసు. నేటి గిరీశం అంతర్జాలంలో కూర్చుండి మామిడి వాసనతో పాఠం చెబుతున్నాడు. మనమేమో వెంకటేశాన్ని బడినుండి గెంటుతున్నాము!

నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఒకప్పుడు బీడీ కాలుస్తూ పట్టుబడిన తొమ్మిదవ తరగతి విద్యార్థిని అందరి యెదుటా బెత్తంతో కొట్టాను. వాడు బడి మానివేశాడు, బీడీ మానలేదు.

కనుక పాలకులకు నా మనవి: అమ్మేవానిని పట్టుకొనండి. ఉపాధ్యాయులకు నా మనవి: పిల్లవానిని నిలుపుకొనండి. పొగాకు మాన్పించుటకు 1800-11-2356 అనే జాతీయ ఉచిత ఫోను సేవ ఉన్నది. ఆ సంఖ్యను ప్రతి బడి గోడమీదా వ్రాయించండి.

రేపు ఆ మిత్రునితో కలిసి ప్రధానోపాధ్యాయుని దర్శించబోతున్నాను. ఈ మాటలే చెబుతాను.